వీలునామాలో మెల్వీనియా

1850. అమెరికాలోని సౌత్ కరోలినా. డేవిడ్ ప్యాటర్సన్ అనే ముసలి ఆసామి వీలునామా రాస్తున్నాడు. రాట్నాలు, కొడవళ్లు, బల్లమీద పరిచే గుడ్డలు, పశువులు... ఏది ఎవరికి చెందాలో ఒక్కొక్కటే పంచుతూ వచ్చాడు. ఆ వరసలోనే ఆరేళ్ల బానిస పిల్ల కూడా ఉంది. పేరు మెల్వీనియా. రెండేళ్లకు ఆసామి పోయాడు. ఆస్తి లెక్క కట్టినవాళ్లు ఆ పిల్లకు వేసిన వెల 475 డాలర్లు.

పిల్లను జార్జియాలో ఆసామి కూతురింటికి పంపేశారు. అల్లుడు హెన్రీ షీల్డ్స్‌ది పత్తి, మొక్కజొన్న పండే పొలం. 1860లో సర్కారు లెక్కలవాళ్లు వచ్చి 3 గుర్రాలు, 5 ఆవులు, 17 పందులు, 20 గొర్రెలు అని రాసుకున్నారు. బానిసల జాబితాలో మాత్రం యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు. పేర్లు లేవు. ఆ రోజుల్లోనే మెల్వీనియా చంకలో పసివాడు చేరాడు. వాడే డాల్ఫస్. తండ్రి తెల్లవాడు.

బానిసత్వం పోయింది. 1870 జనాభా లెక్కల్లో ఆమె పేరు ఎక్కింది, ఇంటిపేరు షీల్డ్స్. కూలిపని చేస్తోంది. పక్క పొలం హెన్రీ కొడుకు చార్లెస్‌ది. 1938లో ఆమె చనిపోయినప్పుడు మరణ పత్రంలో తల్లిదండ్రుల పేర్లుండాల్సిన చోట 'తెలియదు' అని రాయించారు.

డాల్ఫస్ అమెరికాలోనే ఉన్న బర్మింగ్‌హామ్ నగరం చేరి పేరున్న వడ్రంగి అయ్యాడు. అతని మనవడు పర్నెల్ షికాగో వెళ్లాడు. పర్నెల్ కూతురు మేరియన్. మేరియన్ కూతురే అమెరికా ప్రథమ మహిళ అయిన మిషెల్ ఒబామా!

2009లో వంశ పరిశోధకురాలు మేగన్ స్మోలెన్యాక్ మిషెల్ నుంచి వెనక్కి నడిచి ఐదు తరాల అవతల మెల్వీనియాను పట్టుకున్నారు. తర్వాత పాత్రికేయురాలు రేచెల్ స్వార్న్స్ తెల్ల షీల్డ్స్‌నూ నల్ల షీల్డ్స్‌నూ కలిశారు. రెండువైపులా డీఎన్ఏ పరీక్షలు జరిగాయి. రక్తసంబంధం తేలింది. డాల్ఫస్ తండ్రి చార్లెసే అయ్యుంటాడని 2012లో స్వార్న్స్ తన పుస్తకంలో రాశారు.

బానిసల వారసులు పూర్వీకుల కోసం వెతుకుతూ వెళితే చాలామందికి 1870 దగ్గరే దారి మూసుకుపోతుంది. అంతకుముందరి జనాభా లెక్కల్లో బానిసలకు పేర్లుండవు మరి. ఆపైకి పోవాలంటే వీలునామాలు, అమ్మకపు పత్రాలు, చనిపోయిన యజమానుల ఆస్తి జాబితాలు తిరగెయ్యాలి. మెల్వీనియా ఆచూకీ దొరికిందీ అలాంటి కాగితాల్లోనే. అందుకే అవ్వ పేరు దొరకాలంటే ముందు ఆమెను సొత్తుగా రాసుకున్నవాడి పేరు వెతకాలి.