లారీ ప్రమాదములు – నష్టపరిహారము: ఒక చట్టము నడచిన దారి

శంషాబాదు మీదుగా పోవు రాజమార్గము నిన్న మొన్నటిది కాదు. హైదరాబాదు నుండి మహబూబునగరు, కర్నూలు దిక్కుగా సాగి బెంగుళూరు చేరు బాట ఇదియే. పాయిగా ప్రభువుల షంసుల్ ఉమ్రా బిరుదమునుబట్టి ఈ ఊరికి ఆ పేరు వచ్చినదందురు. 2008 మార్చి 23వ తేదీన ఇచట విమానాశ్రయము తెరువబడినది. ఆ యేడే గచ్చిబౌలి నుండి ఔటర్ రింగు రోడ్డు తొలిభాగము ఇచటికి వచ్చినది. పిదప అది 158 కిలోమీటర్ల వలయమైనది. ఒకప్పటి 7వ నెంబరు జాతీయ రహదారి నేడు 44వది. ఉత్తరమున నాగపూరు నుండి, దక్షిణమున సేలము నుండి వచ్చు లారీలు రాత్రింబవళ్లు ఇటుగా పోవుచుండును. ఆకాశయానమును చూచుటకు తల యెత్తువారు ఈ ప్రాంతమున పెక్కురు కలరు. కాని రోడ్డు దాటువాడు చూచుకొనవలసినది లారీని.

ఇట్టి దారిలో ఒక కూలివాడు లారీ క్రింద పడి కాలు పోగొట్టుకొనెననుకొందము. అతనికి పరిహారము ఎవరీయవలయును? ఏ లెక్కన ఈయవలయును? దీనికి సరియైన సమాధానము దొరకుటకు ఇంచుమించు రెండు శతాబ్దములు పట్టినది.

1808లో ఇంగ్లండు న్యాయస్థానమొకటి, మనుష్యుని మరణమును నష్టముగా చూపి దావా వేయుటకు వీలులేదని తీర్పు చెప్పెను. కాలు విరిగినవాడు దావా వేయవచ్చును. ప్రాణము పోయినవాని భార్యకు మాత్రము ఏమియు లేదు! చంపుటకంటె గాయపరచుటయే ఖరీదైన పని అయినది. రైళ్లు వచ్చి ప్రమాదములు పెరిగిన పిమ్మట, 1846లో లార్డు కాంబెల్ పూనికతో అచట ఈ అన్యాయము తొలగినది. ఆ శాసనమును అనుసరించి మన దేశమున 1855లో ప్రాణాంతక ప్రమాదముల చట్టము వెలువడెను.

హక్కు లభించినది గాని డబ్బు లభింపలేదు. సివిలు కోర్టులో దావా వేయవలెనన్న కోరిన సొమ్మునుబట్టి స్టాంపు రుసుము చెల్లింపవలయును. డ్రైవరు అజాగ్రత్తను సాక్ష్యములతో నిరూపింపవలయును. ఏండ్లు గడచి డిక్రీ చేతికి వచ్చునప్పటికి లారీ యజమాని దివాలా తీసియుండవచ్చును. ఆ కాగితమును పెట్టెలో భద్రపరచుకొనుట తప్ప బాధితుడు చేయగలిగినది లేదు. ఈ లోపమును సవరించినది బీమా. మూడవ వ్యక్తికి కలుగు హానికి బీమా ఉండి తీరవలెనని ఇంగ్లండు 1930లో నిర్బంధించెను. మన 1939 నాటి మోటారు వాహనముల చట్టమునందును అట్టి అధ్యాయము చేర్చబడినది. అది 1946 జులై 1 నుండి అమలయ్యెను. 1956లో, ఆంధ్రప్రదేశ్ అవతరించిన యేడే, చట్టమును సవరించి క్లెయిముల ట్రిబ్యునళ్లకు దారి తీసిరి. ఇక సివిలు దావా అక్కరలేదు, దరఖాస్తు చాలును.

అయినను డ్రైవరు తప్పు చూపుమనుట పోలేదు. తప్పు లేనిదే పరిహారము లేదని 1977లో సుప్రీం కోర్టు చెప్పెను. దీనిమీద విమర్శ వచ్చినది. 1980లో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్, సాక్ష్యములలోని చిన్న చిన్న సందులు వెదకి నిర్దోషులకు పరిహారము ఎగవేయనీయరాదని ట్రిబ్యునళ్లను హెచ్చరించిరి. 1982లో పార్లమెంటు కదలినది. ఎవరి తప్పైనను మరణమునకు 15,000, శాశ్వత అంగవైకల్యమునకు 7,500 రూపాయలు ఈయవలెనని నిర్ణయించెను. స్వల్పమే గాని, తప్పుతో నిమిత్తము లేని పరిహారమునకు అది మొదటి మెట్టు. 2022 ఏప్రిల్ 1 నుండి అట్టి మొత్తము మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు. అంతకుమించి కోరువారు మాత్రము తప్పును నిరూపింపవలయును.

లారీ ప్రమాదములలో ప్రత్యేకమైన చిక్కులు కొన్ని కలవు. గుద్దిన బండి పరరాష్ట్రపుది, యజమాని ఎచటనో ఉండును. బాధితుడు అచటికి పోనక్కరలేదు. తాను నివసించు చోటి ట్రిబ్యునలులోనే దరఖాస్తు పెట్టుకొనవచ్చునని 1994 సవరణ వెసులుబాటు కల్పించినది. డ్రైవరుకు సరియైన లైసెన్సు లేకపోయినను, బీమా సంస్థ ముందు బాధితునికి చెల్లించి, తరువాత యజమాని వద్ద రాబట్టుకొనవచ్చునని 2004లో సుప్రీం కోర్టు మార్గము చూపెను. ఇక సరుకు లారీ ఎక్కి ప్రయాణించువారి సంగతి. తన కూరగాయల మూటలతో బజారుకు పోవు రైతు, సరుకు యజమానిగా, బీమా రక్షణలోనివాడే. ఏదో ఊరికి పోవుటకై డ్రైవరు చేతిలో నాలుగు రూపాయలు పెట్టి ఎక్కినవానికి మాత్రము సరుకు లారీ బీమా వర్తింపదని 2003లో సుప్రీం కోర్టు తేల్చినది. ఒకే లారీ మీద ప్రక్క ప్రక్కన కూర్చున్న ఇద్దరికి రెండు విధములైన గతులు! మన పల్లెలలో ఈ భేదము తెలిసినవారు మిక్కిలి తక్కువ.

అన్నిటికంటె కష్టమైనది ఆదాయము నిరూపించుట. శంషాబాదుకు పడమట, అదే రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల మండలమున, ఆలూరు స్టేజీ వద్ద 2024 డిసెంబరు 2వ తేదీన రోడ్డు ప్రక్కన కూరగాయలు అమ్ముకొనువారి మీదికి లారీ దూసుకొనిపోయినది. వంకాయలు అమ్మువాని వద్ద జీతపు రశీదు ఎట్లుండును? కర్ణాటకకు చెందిన ఇట్టి వర్తకుడొకడు కాలు పోగొట్టుకొనగా, ఆ వ్యాజ్యెము సుప్రీం కోర్టు దాక పోయినది. 2014లో జస్టిస్ వి. గోపాల గౌడ, కాగితములు లేవని ఆదాయమును త్రోసిపుచ్చక నెలకు 6,500గా ఎంచిరి. ఒకచోట కూర్చుండి అమ్ముకొనవచ్చును గదా యను వాదమును అంగీకరింపక, పని చేయు శక్తిలో 85 శాతము పోయినదనిరి. కాలు ఎంత పోయినదనునది వైద్యుని లెక్క. దానివలన బ్రతుకుదెరువు ఎంత పోయినదనునది న్యాయస్థానము లెక్క. గుమాస్తాకు ఎడమచేయి పోవుటయు, వడ్రంగికి పోవుటయు ఒకటి కాదు.

ఈ లెక్కకు గుణకము మూలము. వయస్సునుబట్టి దీనిని నిర్ణయించు విధమును 1987లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ ఎం. జగన్నాథరావు విపులముగా చర్చించిరి. చిరకాలము ఇచటి ట్రిబ్యునళ్లు దానినే అనుసరించినవి. 2009లో సుప్రీం కోర్టు దేశమంతటికి ఒకే పట్టిక ఇచ్చెను. ముప్పది యేండ్లవానికి గుణకము 17. అతడు నెలకు 6,000 ఆర్జించుచుండినచో ఏటికి 72,000, పదునేడింతలైన 12,24,000. పని చేయు శక్తిలో నూటికి అరువది వంతులు పోయినదన్న 7,34,400 రూపాయలు. వైద్యపు ఖర్చు, నొప్పి, ముందు ముందు ఆర్జన పెరుగు అవకాశము దీనికి వేరుగా చేరును.

గడువు కథ విచిత్రమైనది. ఒకప్పుడు ఆరు నెలలు ఉండెను, 1994లో తీసివేసిరి, 2019 సవరణ దానిని మరల తెచ్చినది, అది 2022 నుండి అమలైనది. దానిని సవాలు చేసిన వ్యాజ్యెములలో, గడువు దాటినదను కారణమున దరఖాస్తులను త్రోసివేయరాదని 2025 నవంబరులో సుప్రీం కోర్టు మధ్యంతరముగా ఆదేశించెను. మధ్యంతరపు మాటను నమ్ముకొని ఊరకుండుట మంచిది కాదు. ఆసుపత్రిలో మంచము ప్రక్కన కూర్చున్నవారు ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని, మందుల బిల్లులను, డిశ్చార్జి కాగితమును ఒక సంచిలో వేసి ఉంచుకొనవలయును. ప్లీడరుకు ఇచ్చుటకు సొమ్ము లేదని వెనుదీయనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9 నుండి అమలులో ఉన్నది. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, వికలాంగులకు, పరిశ్రమల కార్మికులకు ఆదాయముతో పని లేకయే ఉచితముగా న్యాయవాదిని ఇచ్చును. గుద్ది పారిపోయిన లారీ నెంబరు ఎవరును చూడకపోయినచో, ఆ ప్రాంతపు తహశీలుదారు వద్ద గాని సబ్‌డివిజను అధికారి వద్ద గాని దరఖాస్తు పెట్టవలయును. 2022 నుండి మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు ఆ దారిన లభించును.