కాళ్లు తుడుచుకునే పట్టా వంశంలో పరుపు

హంపీలో మా అక్క కొడుకు అద్దెకు తెచ్చిన పరుపును వీపున తగిలించుకుని గుండ్ల మధ్య నడుస్తుంటే, వెనకనుంచి పరుపుకే కాళ్లొచ్చినట్టుంది. తాడు లేకుండా గుండ్లెక్కే బౌల్డరింగ్‌లో, పడితే ఆదుకునే క్రాష్ ప్యాడ్ అది. నేలమీద పరిచాక చూశాను, దానిమీద జానెడు కార్పెట్ ముక్క కుట్టి ఉంది.

“ఇదేంట్రా, అతుకా?”

“కాదు మావయ్యా, ఎక్కేముందు బూట్లు తుడుచుకోడానికి.”

నేను ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. తీరా ఆరా తీస్తే ఈ పరుపు వంశంలో అదే పెద్దది.

పారిస్‌కు దక్షిణాన ఫాంటేన్‌బ్లో అడవి. ఇసుకనేల, ఇసుకరాతి గుండ్లు. బూటు అడుగున నాలుగు రేణువులున్నా కాలు జారుతుంది. అందుకని అక్కడివాళ్లు చిన్న పట్టా ఒకటి వెంట తెచ్చుకుని, దానిమీద కాళ్లు తుడుచుకుని, గుడ్డలో మూటగట్టిన ఎండు పైన్ జిగురు అద్దుకుని రాయెక్కేవాళ్లు. పడితే ఇసుకే దిక్కు. గడప దగ్గర కాళ్లు తుడుచుకునే మర్యాదే ఇదీ. ఇల్లే నిలువుగా ఉంది.

ఇక జాన్ గిల్. ఈయన దగ్గర కాసేపు కూర్చోకుండా నేను కదలను. 1950ల్లో అమెరికాలో చదువుకుంటూ జిమ్నాస్టిక్స్ నేర్చిన మనిషి. జిమ్నాస్టులు చేతులకు రాసుకునే మెగ్నీషియం కార్బొనేట్ పొడిని రాళ్ల దగ్గరికి తెచ్చింది ఆయనే. గుండ్లెక్కడమంటే పెద్ద కొండలకు రిహార్సల్ అనుకునే రోజుల్లో, ఇదే ఒక విద్య అన్నాడు. దక్షిణ డకోటాలోని నీడిల్స్‌లో థింబుల్ అని 30 అడుగుల రాయి. కింద పార్కింగు, దానికో కంచె. జారితే కంచె మీదే పడాలి. దానికోసం జిమ్ గోడలోంచి పొడుచుకొచ్చిన నట్లూ బోల్టులూ పట్టుకుని వేళ్లకు తర్ఫీదిచ్చాడంటారు. 1961లో తాడూ పరుపూ లేకుండా ఎక్కేశాడు. తర్వాత లెక్కల ప్రొఫెసరయ్యాడు!

ఆ రోజుల్లో దిగడం కూడా చదువులో భాగమే. పై పట్టు అందదనిపిస్తే వచ్చినదారినే దిగాలి. మామిడిచెట్టెక్కిన పిల్లలకు ఇది ఒకరు చెప్పక్కర్లేదు. పరుపొచ్చాక చేతులు వదిలేస్తే సరిపోతోంది. నాకిది నష్టంగానే కనిపిస్తుంది. మావాడు ఒప్పుకోడు. “విరిగే చీలమండ నీది కాదుగా మావయ్యా!”

ఈ క్రాష్ ప్యాడ్‌కో అన్న ఉన్నాడు, హైజంప్ పరుపు. ఇసుకలోనో రంపంపొట్టులోనో పడాల్సొస్తే వెల్లకిలా దూకే సాహసం ఎవడు చేస్తాడు? ఫోమ్ వచ్చింది కాబట్టే డిక్ ఫాస్‌బరీ 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో అలా 2.24 మీటర్లు దూకి స్వర్ణం పట్టుకెళ్లాడు. గుండ్లవాళ్లు మాత్రం పాత పరుపులతో, కార్పెట్ ముక్కలతో ఇంకా చాన్నాళ్లు నెట్టుకొచ్చారు. 1990ల మొదట్లో గానీ ‘స్కెచ్ ప్యాడ్’ అంగట్లోకి రాలేదు. గుండ్ల కష్టాన్ని కొలిచే ‘వి’ స్కేలు పెట్టిన జాన్ షెర్మన్ చెయ్యి ఇందులోనూ ఉంది.

మావాడికి సొంతానికి ఓ ప్యాడ్ కొందామని ధర అడిగి, “ఫోమే కదరా” అని వాణ్ని పరుపుల కొట్టుకు తీసుకెళ్లాను. నాలుగంగుళాల 40 డెన్సిటీ, పైన రెక్సిన్. బొటనవేలితో నొక్కితే భేషుగ్గా ఉంది. అరుగు మీంచి దూకాడు. మడమ ఫోమ్‌ను అడుగంటా తొక్కి గచ్చుకు తగిలింది. కొట్టువాడి తప్పేం లేదు, పడుకునే పరుపిచ్చాడు. పడుకుంటే బరువు ఒళ్లంతా పరుచుకుంటుంది. దూకితే మడమల్లోకి దిగుతుంది. అందుకే అసలు ప్యాడ్‌లో పైన గట్టి క్లోజ్డ్ సెల్ ఫోమ్ పొర దెబ్బను పక్కలకు పంచుతుంది, కింద మెత్తటి ఓపెన్ సెల్ ఫోమ్ గాలి వదులుతూ అణుగుతుంది. డబ్బు పెట్టాల్సింది ఈ రెంటికీ, ఆ తర్వాత పైగుడ్డకూ. జేబులూ రంగులూ దండగ. పుస్తకంలా మడిచేదైతే మధ్య గాడిలో చీలమండ చిక్కకుండా చూసుకోవాలి. అమెరికావాళ్లు టాకో అనే రకం, అంటే మన దోసెలా వంచేది, గాడి లేనిదే గానీ మోస్తుంటే ఉబ్బుగా ఉంటుంది. వాడినది చవగ్గా దొరికితే ముందు మోకాలు ఆనించి చూడాలి. నేల తగిలిందా, ఆ ఫోమ్ చచ్చిపోయినట్టే.

మావాడు చివరికి డబ్బు కూడబెట్టి అసలుదే కొన్నాడు. రెక్సిన్ పరుపు మా అరుగుమీద ఉండిపోయింది. మధ్యాహ్నం కునుక్కి దానంత సుఖం లేదు. మా ఆవిడ దాని ముందు ఓ గోనెపట్టా వేసింది, కాళ్లు తుడుచుకుని ఎక్కమని.