చెరువుల చేప ఎక్కడి నుంచి వచ్చింది?



మృగశిర కార్తె వచ్చిందంటే కామారెడ్డిలో అయినా, ఎల్లారెడ్డిలో అయినా చేపల కాడ నిలబడ సందుండదు. ఆ గంపల ముందు కూర్చునేది ఎక్కువగా మన ఆడవాళ్లే. తూకం వేసేది, పొలుసు గీకేది, ముక్కలు కోసేది మనమే. కానీ ఈ చేప చెరువులకు ఎట్ల వచ్చిందని ఎవరన్నా అడిగితే "నీళ్లు వస్తే చేపలు అవే వస్తయి" అంటం. మేమూ అట్లనే అనుకున్నం. ఆ మాట సగమే నిజం. మిగతా సగం తెలియక నష్టపోయినం. అందుకే ఈ ఏడు నివేదికలో చేప చరిత్ర రాస్తున్నం.

నీళ్లతోని వచ్చే చేపలు నిజంగానే ఉన్నయి. పరకలు, జెల్లలు, వాలుగ, కొర్రమట్ట మన వాగుల చేపలు. వానలు పడి మత్తడి దుంకినప్పుడు ఇట్లాంటివి ఎదురెక్కి వస్తయి. కొర్రమట్ట బయటి గాలి కూడా పీల్చుకుంటది, అందుకే నీళ్లు తగ్గినా బురదలో బతుకుతది. గడ్డి ఉన్న ఒడ్డున గూడు చేసి గుడ్లు పెడతది. పిల్లలు కొంచెం పెద్దయ్యేదాకా తల్లీ తండ్రీ కావలి కాస్తయి. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే.

బొచ్చె, రవ్వ, మ్రిగాల సంగతి వేరు. మనం కిలోల లెక్కన ఎక్కువ అమ్మేవి ఇవే. ఇవి గంగ, బ్రహ్మపుత్ర వంటి పెద్ద నదుల చేపలు. వానకాలం వరద పారేటప్పుడే గుడ్లు పెడతయి. చెరువులో నిలువ నీళ్లుంటే, కడుపు నిండా గుడ్లున్నా బయటికి వదలవు. అంటే ఈ ఏడు ఉన్నవన్నీ పట్టి ఊరుకుంటే వచ్చే ఏడు ఉండవు. ఏటేటా పిల్లలను తెచ్చి వదలాల్సిందే.

మన దగ్గరికి నీళ్లు ముందే వచ్చినయి. నాగిరెడ్డిపేట మండలంలోని పోచారం ప్రాజెక్టు 1922లో పూర్తయింది. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో అయిపోయింది. పొలాలకు కట్టినా, చేపకు కూడా పెద్ద ఇల్లు దొరికింది. కానీ విత్తనం ఎక్కడిది? ఆ రోజుల్లో దేశంలో చేప విత్తనం అంటే, వరదకు నదిలో కొట్టుకొచ్చే పిల్లలను సన్న వలలతో పట్టడమే. బెంగాల్‌లో పట్టి కలకత్తా నుంచి రైళ్లలో దూరాలకు పంపేవాళ్లు. దారిలో కొన్ని చచ్చేవి. మంచి చేప పిల్లల్లో వేరే పిల్లలూ, పెద్దయితే తోటివాటినే మింగేవీ కలిసి వచ్చేవి.

1957 జూలై 10న ఈ కథ మారింది. ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త తోటివాళ్లతో కలిసి ఒక ప్రయత్నం చేసి గెలిచిండు. చేప తలలో, మెదడు కింద, చిన్న గ్రంథి ఉంటది. ఒక చేప నుంచి దాన్ని తీసి, నూరి, ఇంకో చేపకు సూది వేస్తే, పారే నదిలో కాకుండానే గుడ్లు పెట్టింది. అందుకే జూలై 10న జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుపుతున్నరు. ఇప్పుడు కేంద్రాలలో తయారు మందే ఎక్కువగా వాడుతున్నరు. గుడ్డు ఒక్క రోజు లోపలే పిల్ల అవుతది. మొదటి రెండు మూడు రోజులు కడుపు కింది సొనతోనే బతుకుతది. తర్వాత నీళ్లలోని సన్న పురుగులను తింటది.

ఈ మూడు రకాలను కలిపి పెంచడానికి ఒక కారణం ఉంది. బొచ్చె పై నీళ్లలో తింటది, రవ్వ నడుమ తింటది, మ్రిగాల అడుగున తింటది. ముగ్గురు తోడికోడళ్లు ఒకే ఇంట్లో కొట్లాట లేకుండా బతికినట్టు.

మన జిల్లా విషయానికొస్తే, 2015 మార్చి 12న మిషన్ కాకతీయ సదాశివనగర్‌లోనే మొదలైంది. చెరువుల పూడిక తీసినరు. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలు వదలడం మొదలుపెట్టింది. ఎండాకాలం ఎండే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఎప్పుడూ నీళ్లుండే ప్రాజెక్టులకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు అని లెక్క. పెద్ద నీళ్లలో చిన్న పిల్లలను వదిలితే వాలుగలు, కొర్రమట్టలే తినేస్తయి.

ఒక ఏడు మా ఊరి చెరువుకు పిల్లలు మిట్టమధ్యాహ్నం వచ్చినయి. సంచులు విప్పి ఒక్కసారే గుమ్మరించినరు. ఎన్ని వచ్చినయో లెక్క చూసినోళ్లు లేరు. తెల్లారేసరికి ఒడ్డు పొడుగునా తెల్లగా తేలినయి. ఆ ఎండాకాలం మా గంపలు ఖాళీ. ఇద్దరు సభ్యులు అప్పు వాయిదా కట్టలేకపోతే సంఘమే సర్దింది. సంచి మూతి విప్పక ముందు పావుగంట, ఇరవై నిమిషాలు చెరువు నీళ్ల మీద తేలనిస్తే లోపలి నీళ్లు, బయటి నీళ్లు ఒక్క తీరుగ అవుతయని తర్వాత తెలిసింది. అప్పుడు కట్ట మీద మేము కూడా ఉన్నం. కానీ మమ్మల్ని అడిగినోళ్లు లేరు, మేమూ అడగలే.

2025 ఆగస్టు చివర పడ్డ వానకు పోచారం నిలుస్తదో లేదో అని అందరం భయపడ్డం. నూరేళ్లు దాటిన కట్ట నిలబడ్డది. కానీ మత్తడి దాటిపోయిన చేపలన్నీ తిరిగి రావు. మళ్లీ పిల్లలు వదిలితేనే చేప.

కాబట్టి అక్కలారా, వచ్చే వానకాలం మూడు పనులు చేద్దాం. పిల్లలు వచ్చే రోజు గ్రామ సంఘం నుంచి ఇద్దరం కట్ట మీద ఉందాం. ఒక సంచి విప్పి ఎన్ని ఉన్నయో లెక్కపెట్టి, సంచుల సంఖ్యతో గుణించి పుస్తకంలో రాద్దాం. పొద్దున గానీ, సాయంత్రం చల్లబడ్డాక గానీ వదలమని అడుగుదాం. చెరువు సొసైటీలో మా ఊరి పేర్లన్నీ మగవాళ్లవే. మన రాష్ట్రంలో మహిళా మత్స్య సహకార సంఘాలు కూడా ఉన్నయి. చేపలు పట్టే ఇండ్ల ఆడవాళ్లు సభ్యత్వం అడగాలి, మిగతా వాళ్లం వాళ్ల వెంట నిలబడాలి.

పొదుపు పుస్తకంలో రూపాయి రూపాయి రాయడం నేర్చుకున్నం. చేప పిల్లల లెక్క అంతకన్నా కష్టం కాదు.