అతుకు పక్కన నంబరు

రైలు పట్టాలు రెండు కలిసేచోట, పట్టా నిలువు పక్కన, ఒక చిన్న అల్యూమినియం రేకు అంటించి ఉండాలని రైల్వేవారి నియమం. రేణిగుంట నుంచి గూడూరు పోయే దారిలోనైనా, పాకాల మీదుగా కాట్పాడి పోయే దారిలోనైనా అదే నియమం. ఆ రేకు మీద నెల, సంవత్సరం, పని చేసిన సంస్థ గుర్తు, అతుకు వరస నంబరు ఉంటాయి. వాటితో పాటు వెల్డరు కోడు నంబరు. పేరు మాత్రం ఉండదు.

ఆ అతుకు వేసే పద్ధతి చూడ్డానికి దీపావళిలా ఉంటుంది. అల్యూమినియం పొడినీ ఇనుప ఆక్సైడునీ కలిపి రాజేస్తే రెండున్నర వేల డిగ్రీల దాకా వేడి పుడుతుంది. కరిగిన ఉక్కు పట్టాల మధ్య కట్టిన అచ్చులోకి దిగుతుంది. జర్మనీలో హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1895లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1899లో ఎస్సెన్ నగరంలో ట్రాము పట్టాలను ఈ పద్ధతిలో అతికారు. మన రైల్వేలో ఈ పని చేయాలంటే లక్నోలోని థర్మిట్ పోర్షన్ ప్లాంటు ఇచ్చే యోగ్యతా పత్రం ఉండాలి. తర్వాత ఎప్పుడో అల్ట్రాసోనిక్ మిషను పట్టుకుని ఇంకొకాయన వస్తాడు. అతుకులో లోపం కనిపించినా, చలికాలం తెల్లవారుజామున పట్టా విరిగినా, ఆ నంబరు పట్టుకుని మనిషిని వెతుక్కుంటూ వెళ్తారు. అందుకే అది నాకు కళాకారుడి సంతకంలా కనిపించదు, ముందే తీసి పెట్టుకున్న వేలిముద్రలా కనిపిస్తుంది.

ఇంత అనుమానం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇనుము అతకడం మనకేమీ కొత్త కాదు. కమ్మరి కొలిమిలో రెండు ముక్కల్ని తెల్లబడేదాకా కాల్చి, సుత్తితో కొట్టి ఒకటి చేసేవాడు. కర్రు విరిగితే రైతు మళ్ళీ అదే కొలిమి దగ్గరికి వెళ్ళి నాలుగు మాటలనేవాడు. చేసినవాడూ వాడేవాడూ ఒకే ఊళ్ళో ఉన్నంతకాలం కాగితంతో పని లేదు. ఒకరి ముఖం ఒకరికి తెలియనప్పుడే కాగితం పుడుతుంది.

ఆ కాగితం పుట్టింది ఆవిరి బాయిలర్ల దగ్గర. 1863లో కలకత్తాలో ఒక బాయిలరు పేలి మనుషులు చనిపోయారు. మరుసటి ఏడే బెంగాల్ ప్రభుత్వం బాయిలర్ల తనిఖీకి చట్టం చేసింది. తర్వాత ఒక్కో రాష్ట్రానిదీ ఒక్కో నియమం కావడంతో, అన్నిటినీ కలిపి 1923లో ఇండియన్ బాయిలర్స్ యాక్ట్ తెచ్చారు. అమెరికాలో 1905 మార్చి 20న బ్రాక్టన్ ఊళ్ళో ఒక చెప్పుల ఫ్యాక్టరీ బాయిలరు పేలి 58 మంది పోయారు. అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంఘం ఏ.ఎస్.ఎమ్.ఈ. తన బాయిలర్ కోడు రాసుకోవడం వెనక ఉన్న పెద్ద కారణాల్లో అదొకటి.

అయితే ఆ తొలి చట్టాలు చూసింది బాయిలరును, మనిషిని కాదు. ఎందుకంటే అప్పటి బాయిలర్లు రివిట్లతో కట్టినవి. రివిట్టును కంటితో చూడొచ్చు. సుత్తితో తట్టి శబ్దం వినొచ్చు, వదులైతే తెలిసిపోతుంది. వెల్డింగ్ వచ్చాక ఈ వెసులుబాటు పోయింది. అతుకు పైకి చేప పొలుసుల్లా వరసగా, చక్కగా కనిపిస్తుంది. లోపల స్లాగు ఇరుక్కుని ఉండొచ్చు, గాలిబుడగ ఉండొచ్చు, అడుగున లోహం అసలు కలవకపోయి ఉండొచ్చు. ప్రతి అతుకునూ కోసి చూడలేరు, కోస్తే అది అతుకే కాదు. కాబట్టి అతుకు వేయకముందే వేసే మనిషిని పరీక్షించాలి. ఒక ముక్క అతికించి, దాన్ని కోసి, వంచి, ఎక్స్‌రే తీసి చూసి, ‘ఈ చెయ్యి మంచిది, కనపడని చోట కూడా సరిగ్గానే చేస్తుంది’ అని నమ్మాలి. ప్రపంచంలో ఉన్న వెల్డర్ సర్టిఫికెట్లన్నిటి మూలం ఈ ఒక్క నమ్మకమే.

ఆ నమ్మకానికి గట్టి దెబ్బ రెండో ప్రపంచ యుద్ధంలో తగిలింది. అమెరికా వేల ఓడల్ని రివిట్లు మానేసి వెల్డింగ్‌తో హడావిడిగా కట్టింది. 1943 జనవరి 16న షెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు, పోర్ట్‌లాండ్ రేవులో, అలల్లేని నీళ్ళలో నిలబడి ఉండగానే నడుముకి రెండుగా విరిగింది. విచారణలో మొదట వేలు చూపించింది వెల్డింగ్ వైపే. తర్వాత కేంబ్రిడ్జ్‌లో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే ఇంజనీరు తేల్చిన సంగతి వేరు. ఆ ఉక్కే చలికి పెళుసెక్కుతోంది. పైగా రివిట్ల ఓడలో పగులు ఒక ప్లేటు అంచుకి వచ్చి ఆగిపోయేది. వెల్డింగ్ ఓడ మొత్తం ఒకే ప్లేటు కిందే లెక్క కాబట్టి పగులు ఆగకుండా పరిగెత్తింది. తప్పు ఉక్కులో ఉంది, డిజైన్లో ఉంది, కొంత చేతుల్లోనూ ఉంది. కానీ మొదట అడిగింది చేతుల్నే. ఈ వరస ఇప్పటికీ పెద్దగా మారిందనుకోను.

దీన్నించి పరిశ్రమ ఒక పాఠం నేర్చుకుంది. ఒక కాగితం చాలదు, రెండు కావాలి. మొదటిది పద్ధతి కాగితం: ఏ ఉక్కు, ఏ రాడ్డు, ఎంత కరెంటు, ముందు ఎంత వేడి చేయాలి. ఇది కంపెనీది. రెండోది వెల్డరు కాగితం: ఆ పద్ధతిలో ఈ మనిషి చెయ్యి పెట్టగలడని. ఇది ఎవరిది అన్నదే అసలు ప్రశ్న.

మన దేశంలో 1950 నాటి ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్ దీనికి ఒక సమాధానం చెప్పాయి. బాయిలరు మీదా, ఆవిరి పైపుల మీదా చెయ్యి పెట్టే వెల్డరు బాయిలర్ల శాఖ ముందు పరీక్ష ఇవ్వాలి. పాసైతే రెండేళ్ళకు సర్టిఫికెట్ వస్తుంది, అది మనిషి పేరు మీద ఉంటుంది. ఇవాళ ఒక చక్కెర ఫ్యాక్టరీలో, రేపు ఒక పవర్ ప్లాంటులో చూపించుకోవచ్చు.

చక్కెర ఫ్యాక్టరీ అన్నది ఊరికే అన్న మాట కాదు. చెరకు పిప్పి మండించి ఆవిరి పుట్టించే బాయిలర్లు మా ప్రాంతంలో గాజులమండ్యం ఎస్వీ సహకార చక్కెర ఫ్యాక్టరీలోనూ, చిత్తూరు సహకార ఫ్యాక్టరీలోనూ ఉండేవి. గానుగ ఆడని నెలల్లో బాయిలరు విప్పి, తుప్పు తిన్న ట్యూబులు కోసి కొత్తవి వేయడం ఏటా ఉండే పని. వెల్డరుకి అదే బడి. రెండు ఫ్యాక్టరీలూ మూతపడ్డాయి. చెరకు రైతుల బకాయిల గురించి పేపర్లు రాశాయి, సరే. బాయిలరు పని నేర్చుకునే చోటు కూడా వాటితో పాటు పోయిందని ఎవరూ రాయగా నేను చూడలేదు. శ్రీకాళహస్తి దగ్గర మన్నవరంలో ఎన్టీపీసీ, బీహెచ్ఈఎల్ కలిసి పెట్టే విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీకి 2010 సెప్టెంబరు 1న మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేసినప్పుడు ఇక్కడి ఐటీఐ పిల్లలు చాలా ఆశ పెట్టుకున్నారు. అది అనుకున్న స్థాయికి రాలేదు.

రాయలసీమలో పెద్ద బాయిలరంటే కడప జిల్లా కలమల్ల దగ్గరున్న థర్మల్ ప్లాంటు. 1994లో దాని మొదటి యూనిట్ మొదలైంది. సాహిత్యం చదివేవాళ్ళకి కలమల్ల ఇంకో రకంగా తెలుసు. దాదాపు 575 నాటి రేనాటి చోళుల శాసనం, ఇప్పటికి దొరికినవాటిలో మొదటి తెలుగు శాసనమని చెప్పేది, ఆ ఊరిదే. పద్నాలుగు వందల ఏళ్ళ కింద రాతి మీద తెలుగు ఎక్కిన ఊళ్ళో, బాయిలరు ట్యూబులు అతికే మనిషి కాగితం మీద తెలుగు అక్షరం ఒక్కటి లేదు. పేరు, పొజిషను, మందం, ‘రిజల్ట్: యాక్సెప్టబుల్’ అన్నీ ఇంగ్లీషే. తన చేతి గురించి ఏం రాశారో చాలామంది ఇంకొకరితో చదివించుకోవాల్సిందే.

మా వీధి చివర గేట్లు, గ్రిల్సు చేసే షెడ్డు ఉంది. దాని యజమాని పదకొండేళ్ళు బయట పని చేసి వచ్చినాయన. ఒకసారి మాటల్లో ఈ సంగతి వస్తే లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. అందులో ఐటీఐ సర్టిఫికెట్టు, గడువు తీరిన బాయిలర్ సర్టిఫికెట్టు, ఫోటో ఉన్న రెండు గేటు పాసులు.

“6జీ కాగితం లేదా నా?” అని అడిగాను.

“మూడుసార్లు పాసైనా కదప్పా, మూడు కంపెనీల్లో. ఆ కాగితాలు ఆళ్ళ ఫైల్లోనే ఉంటాయి. మనకియ్యరు. ఇంగో కంపెనీకి పోతే మళ్ళా మొదుట్నించీ టెస్టే.”

6జీ అంటే ఫోను నెట్‌వర్కు కాదు. పైపును నలభై అయిదు డిగ్రీలు వంచి బిగిస్తారు. దాన్ని తిప్పకూడదు, వెల్డరే చుట్టూ తిరగాలి. కింద పడుకుని, పక్కకు ఒరిగి, పైకి లేచి, మధ్యలో తెగకుండా రూట్ వేయాలి. ఆ ఒక్క పరీక్ష పాసైతే మిగతా పొజిషన్లు చాలావరకు వచ్చినట్టే లెక్క. ఈ పేర్లు ఏ.ఎస్.ఎమ్.ఈ. కోడులోవి. గల్ఫ్‌లో రిఫైనరీలు, పైపులైన్లు ఎక్కువగా నడిచేది దాని మీదే. ఆ కోడు తొమ్మిదో భాగం ప్రకారం వెల్డరు అర్హతకు బాధ్యత పని ఇచ్చే సంస్థది. పరీక్ష పెట్టేది, సంతకం చేసేది, రికార్డు దాచేది అదే. మనిషి ఇంకో సంస్థకు మారితే సాధారణంగా మళ్ళీ పరీక్షే. ఆరు నెలలు ఆ రకం వెల్డింగ్ చేయకపోయినా అర్హత పోతుంది. ఇంజనీరింగ్ లెక్కన ఇందులో అన్యాయం లేదు, వాడకపోతే చెయ్యి మొద్దుబారే మాట నిజమే. కానీ జ్వరంతో పడుకున్నా, చెల్లెలి పెళ్ళికి ఊరొచ్చి ఉండిపోయినా గడియారం ఆగదు. డాక్టరు ఆరు నెలలు ప్రాక్టీసు ఆపితే పట్టా రద్దయిందని మనం ఎప్పుడైనా విన్నామా?

యూరపు దారి కొంచెం వేరు. ఐ.ఎస్.ఓ. 9606 ప్రకారం వెల్డరు సర్టిఫికెట్ మీద ఆరు నెలలకొకసారి బాధ్యుడైనవాడు సంతకం పెట్టాలి. దాన్ని పొడిగించుకోడానికి మూడు దారులున్నాయి. మూడేళ్ళకోసారి మళ్ళీ పరీక్ష ఇవ్వడం ఒకటి, రెండేళ్ళకోసారి ఇటీవలి అతుకులు రెండింటిని పరీక్షించి చూపించడం ఇంకొకటి. మూడోది తేలిక: నాణ్యతా వ్యవస్థ ఉన్న అదే కంపెనీలో పని చేస్తున్నంతకాలం, రికార్డులు సరిగ్గా ఉంటే చాలు. ‘అదే కంపెనీలో’ అన్న ఆ రెండు మాటల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఉద్యోగం వదలకపోతే పరీక్ష లేదు, వదిలితే ఉంది.

ఈ నియమాలు మనకి దూరంగా ఎక్కడో లేవు. సత్యవేడు దగ్గర శ్రీసిటీలో, 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లాలో ఉండి ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చిన చోట, ఆల్‌స్టామ్ కంపెనీ మెట్రో రైళ్ళు చేస్తుంది. 2019 మే 26న సిడ్నీలో మొదలైన మెట్రో లైనులో తిరిగిన 22 రైళ్ళు ఇక్కడ తయారై ఓడెక్కినవే. రైలు పెట్టెల వెల్డింగ్‌కి యూరపులో ఈ.ఎన్. 15085 అని వేరే ప్రమాణం ఉంది. అది కంపెనీకే సర్టిఫికెట్ ఇస్తుంది. వెల్డర్లకు పరీక్షలు జరిగాయా, వాళ్ళ మీద చదువుకున్న వెల్డింగ్ కోఆర్డినేటరు ఉన్నాడా, రాడ్లు పొడిగా దాస్తున్నారా, లోపం వస్తే ఎక్కడిదో వెనక్కి వెళ్ళి పట్టుకోగలరా అని చూస్తారు. ఇది నాకు నచ్చుతుంది. షెనెక్టడీ ఓడ నేర్పిన సంగతి ఇదే: అతుకు చెడిపోడానికి చెయ్యి ఒక్కటే కారణం కాదు, చెయ్యి చుట్టూ ఉన్న కంపెనీ కూడా కారణమే. అయితే ఆ సర్టిఫికెట్ ఆఫీసు గోడకి ఫ్రేము కట్టి వేలాడుతుంది, దాన్ని చూపించి ఆర్డర్లు తెచ్చుకుంటారు. దాని కింద పరీక్ష పాసైన కుర్రవాడు రాజీనామా చేసి బయటికొచ్చిన రోజు చేతిలో ఏముంటుందో ఆ ప్రమాణం చెప్పదు.

ఇక మన సొంత ప్రమాణాలు. ఐ.ఎస్. 7310 అని 1974లోనే వెల్డర్ల పరీక్షకు భారతీయ ప్రమాణం వచ్చింది. బీహెచ్ఈఎల్ వాళ్ళు తిరుచిరాపల్లిలో వెల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది 1975లో. కాంట్రాక్టులో రాస్తేనే ఆ ప్రమాణం పనిలోకి వస్తుంది. మన బాల్కనీ గ్రిల్లుకి, కల్యాణమండపం రేకుల షెడ్డుకి ఎవరూ రాయరు, ఎవరూ అడగరు. తల మీద ఉన్న అతుకుల్లో ఎక్కువ భాగం ఏ నంబరూ లేనివే.

1923 నాటి చట్టాన్ని తీసేసి 2025లో కొత్త బాయిలర్ల చట్టం తెచ్చారు. వ్యాపారం సులువు చేయడం దాని ఉద్దేశాల్లో ఒకటని ప్రభుత్వమే చెప్పింది, కొన్ని తప్పుల్ని నేరాల జాబితాలోంచి తీసేసింది. ఆ చర్చలో నేను వెతికింది ఒక్కటే, వెల్డరు కాగితం వెల్డరు దగ్గరే ఉంటుందా అని. పాత పద్ధతిలో నాకు విలువైనదిగా తోచింది అదే. సర్కారు పరీక్ష అంటే తిరగాల్సిన ఆఫీసులూ, చేయాల్సిన ఖర్చులూ అందరికీ తెలిసినవే. అయినా చివరికి మనిషి పేరున ఒక కాగితం మిగిలేది.

పాసుపోర్టు దగ్గర ఇదంతా ఇంకో మలుపు తిరుగుతుంది. 1983 నాటి వలస చట్టం కింద, పదో తరగతి పాసు కానివాళ్ళు గల్ఫ్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి, వాళ్ళ పాసుపోర్టు ఆ రకంగానే వస్తుంది. పదో తరగతి లేకున్నా ఎన్.సి.వి.టి. గుర్తించిన సంస్థలో రెండేళ్ళ డిప్లొమా ఉంటే మినహాయింపు. ఐటీఐలో వెల్డరు ట్రేడుకి ఎనిమిదో తరగతితో చేరొచ్చు, కోర్సు ఒక్క ఏడాది. పీలేరు నుంచో మదనపల్లె నుంచో కువైట్ బయల్దేరే కుర్రవాడు మద్రాసులో ట్రేడ్ టెస్టు పాసై, పైపు చుట్టూ తిరిగి రూట్ వేసి, ఎక్స్‌రేలో మచ్చ లేకుండా బయటపడొచ్చు. పాసుపోర్టు లెక్కలో అతనికి ఇంకా ఒక ఏడాది తక్కువ.