ఆర్థిక సంక్షోభములు, ప్రపంచీకరణము: హైదరాబాదు పాతబస్తీ

దేశదేశములను ఏకవిపణిగా బంధించు వాణిజ్యము, పరపతి, వలస అను మూడును ద్రవ్యసంక్షోభము తటస్థించినప్పుడు ఒక్కుమ్మడిగా సడలును. చార్మినారు చెంతనున్న పత్తర్‌గట్టి ముత్యాల బజారు చరిత్ర దీనికి నిదర్శనము. సముద్రతీరము లేని ఈ నగరమునకు పారశీక సింధుశాఖ నుండి 'బస్రా' ముత్యములు బొంబాయి వర్తకుల ద్వారా చేరగా, ఇచ్చటి పనివారు వానికి బెజ్జములు వేసి, వన్నె చూచి జతపరచి, దారమున గ్రుచ్చి, సత్‌లడా వంటి హారములు కూర్చెడివారు. 1929లో న్యూయార్కున షేర్ల ధరలు కూలి మహామాంద్యము వ్యాపింపగా, విలాసవస్తువులను కొనువారు కరవై, జపాను సాగుముత్యముల పోటీయు తోడై, సింధుశాఖ ముత్యపరిశ్రమ 1930 దశకమున క్షీణించెను. అనంతరకాలమున జపాను, చైనా ముత్యములు ఇచ్చటి అంగళ్ళ నాక్రమించినవి. అనగా సంక్షోభము ప్రపంచీకరణమును నశింపజేయక, దాని త్రోవలను మార్చినది.

ముత్యముల వలెనే వలసయు ప్రపంచవిపణితో ముడివడినది. 1973లో చమురు ధర పెరిగిన పిదప పాతబస్తీ జనులనేకులు గల్ఫు దేశములకు వలసపోగా, వారు పంపు సొమ్ము ఎన్నో కుటుంబములకు జీవనాధారమయ్యెను. 2008లో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అను బ్యాంకు పతనముతో తీవ్రమైన సంక్షోభము దుబాయి నిర్మాణరంగమును స్తంభింపజేసి, వలసకార్మికుల కొలువులను హరించెను. 2009లో ప్రపంచవాణిజ్య పరిమాణము సుమారు 12 శాతము తగ్గెను. కావున విపణుల ద్వారములు తెరచు ప్రభుత్వములు, ఆ విపణులు కూలునాడు శ్రామికులకు రక్షణ కల్పించు ఏర్పాటును గూడ ముందుగనే చేయవలెను.