లాహోర్‌లో ఆగిన ఉపన్యాసం

ఒకే మాటను ఊళ్లో ఒక తీరుగా, వాడలో ఇంకో తీరుగా చెప్పమని మనకు ఎవరో ఒకరు సలహా ఇస్తూనే ఉంటారు. ఎవరికి నచ్చేది వాళ్లకు చెప్పాలట, నచ్చనిది దాచాలట. ఈ సలహాకు 1936లోనే గట్టి జవాబు దొరికింది. మనమే మరిచిపోతున్నాం.

లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ కులం పోవాలని కోరుకున్న హిందూ సంస్కర్తల సంఘం. తన వార్షిక సభకు అధ్యక్షత వహించమని డాక్టర్ అంబేద్కర్‌ను పిలిచింది. హిందువుగా చావనని యేవలాలో ఆయన ప్రకటించి (1935 అక్టోబరు) అప్పటికి కొన్ని నెలలే. ఆయన ఉపన్యాసం రాసి బొంబాయిలో అచ్చుకిచ్చాడు. అది చూసిన మండల్ వాళ్ల గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. కులాన్ని తిట్టు, వేదాల జోలికి పోకు అన్నారు. కొన్ని భాగాలు తీసెయ్యమన్నారు. కామా కూడా మార్చనన్నాడు అంబేద్కర్. సభే ఆగిపోయింది.

వాళ్లు తీసెయ్యమన్నది పక్క విషయం కాదు, అసలు విషయం. కలిసి తిన్నంత మాత్రాన కులం పోదు, కులానికి పవిత్రత ఇచ్చిన శాస్త్రాల అధికారాన్నే కూల్చాలన్నది ఆ ఉపన్యాసం సారం. అది తీసేస్తే మిగిలేది సంస్కర్తలు చప్పట్లు కొట్టి ఇంటికి పోయే ఉపన్యాసం.

అంబేద్కర్ 1936 మేలో సొంత ఖర్చుతో దాన్ని పుస్తకంగా తెచ్చాడు. 1500 కాపీలు రెండు నెలల్లో అయిపోయాయి. జూలైలో గాంధీ తన 'హరిజన్' పత్రికలో దాన్ని విమర్శించాడు. ఎనిమిదణాల ధర ఎక్కువ, రెండణాలో, కనీసం నాలుగణాలో పెట్టాల్సిందన్నాడు. 1937 రెండో ముద్రణలో అంబేద్కర్ గాంధీ వ్యాసాలను దాచలేదు. వాటినీ అచ్చేసి, పక్కనే తన జవాబు పెట్టాడు. ఉపన్యాసం రూపం మార్చి మామూలు వ్యాసంగా రాయమన్నవాళ్లూ ఉన్నారు. అదీ ఒప్పుకోలేదు. 1944 ముద్రణ కూడా రెండోదానికి నకలే.

అప్పటికే అది గుజరాతీ, తమిళాల్లోకి వెళ్లింది. తమిళంలో పెరియార్ పత్రిక 'కుడి అరసు' అచ్చేసింది. మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళ అనువాదాలు నడుస్తున్నాయి. ముఖ్యంగా హిందువుల కోసం రాసిన ఇంగ్లీషు ఉపన్యాసం అది. ఇంగ్లీషు రాని, ఎనిమిదణాలు పెట్టలేని మనవాళ్లకు అది అనువాదకుల చేతుల మీదుగా చేరాల్సి వచ్చింది. భాష మారింది, చదివేవాళ్లు మారారు. చెప్పే మాట మారలేదు.

ఇప్పుడు మన చేతుల్లో ఫోన్లున్నాయి. ఒక రాతను నిమిషంలో పది గుంపులకు పంపుతున్నాం. ఉపాధ్యాయుల గుంపుకు పంపేటప్పుడు ఒక పేరా కోస్తాం. కాలేజీ పిల్లలకు పంపేటప్పుడు రాసినవాళ్ల పేరే ఎగిరిపోతుంది. గొడవెందుకని మేమూ ఇట్లా చేశాం. ఒప్పుకుంటున్నాం. మండల్ వాళ్లు అంబేద్కర్‌ను అడిగి కొయ్యబోయారు. మనం అడక్కుండానే కోస్తున్నాం.

అందుకే మేము ఒక నియమం పెట్టుకున్నాం. వాడకు పంపినా, ఊరికి పంపినా రాత మొత్తం పోవాలి. రాసినవాళ్ల పేరు పోవాలి. దాని మీద వచ్చిన విమర్శ కూడా వెంట పోవాలి. ఎక్కడైనా అది ఆగిపోతే ఆగనీ. లాహోర్‌లో ఆగింది కాబట్టే అది మన దాకా వచ్చింది.