గాలివాన జాడ పట్టినవారు

వైశాఖమాసమున జంషెడ్పూరు పురమునకు సాయంకాలము రెండు విధములుగా వచ్చును. ఒకనాడు సూర్యుడు అస్తమించినను వేడి తగ్గదు. గోడలును, తారురోడ్లును జాము రాత్రి గడచువరకు సెగలు క్రక్కుచునే యుండును. మరియొకనాడు మూడవజాము వేళకే వాయవ్యదిశను కారుమేఘ మొకటి తలయెత్తును. దల్మా కొండల రూపురేఖలు మసకబారును. గాలి ఒక్కసారి స్తంభించి, మరుక్షణముననే ఎఱ్ఱని దుమ్ముతో విరుచుకొని పడును. కిటికీలు కొట్టుకొనును, మామిడికాయలు రాలును, వడగండ్లతో కూడిన వాన కురియును. గంటలో అంతయు ముగిసి, చల్లబడిన ఆకాశమున చుక్కలు కానవచ్చును. వంగీయులు దీనిని కాలవైశాఖి యందురు. వాయవ్యము నుండి వచ్చునది గనుక ఆంగ్లేయులు నార్‌వెస్టరని పేరిడిరి.

ఊరివారు గాలివాన వెలసినదని తలుపులు తెరచి, మంచములు ఆరుబయట వేసికొందురు. కాని ఆ మేఘము ఊరు దాటిపోయినదే గాని నశించినది కాదు. సువర్ణరేఖా నది యే దిక్కునకు ప్రవహించునో, ఇంచుమించు ఆ దిక్కునకే, ఆగ్నేయముగా, సముద్రము వైపు అదియును సాగిపోవును. సాయంకాలము అయిదు గంటలకు టాటానగరు వీడిన మేఘము గంటకు ఏబది కిలోమీటర్ల వేగమున పోయినచో, రాత్రి ఏడున్నర గంటల ప్రాంతమున ఖరగపూరును, తొమ్మిది గంటల వేళకు దిఘా తీరమును చేరవలెను. ఇచట పగటివెలుగున కంటికి కనబడిన మేఘము అచట చీకటిలో వచ్చును. వేటకు పోయిన జాలరికి దాని రాక తెలుపునది దిగంతమున మెరపు మాత్రమే. ఆ తూర్పుతీరమున ఉన్నవారిలో మనవారును కలరు. పురీ సముద్రపుటొడ్డున పెంటకోటలో కాపురముండి వలలు వేయు జాలరులు తెలుగువారే. కావున జంషెడ్పూరున కురిసిన వానకును, తీరమున నుండు తెలుగువాని ప్రాణమునకును కొన్ని గంటల వ్యవధి గల సంబంధ మొకటి యున్నది. ఆ వ్యవధిని మొట్టమొదట గుర్తింప యత్నించినవారెవరు? అది వారి చరిత్ర.

ఈ గాలివాన పుట్టుక నేడు చక్కగా తెలిసినదే. మార్చి మొదలు మే వరకు ఛోటానాగపూర్ పీఠభూమి పగలెల్ల కాగిపోవును. బంగాళాఖాతము నుండి తేమగాలి నేలబారుగా వచ్చి ఈ కొండలను తాకును. దానిపై పడమటి నుండి వచ్చు పొడిగాలి మూతవలె పరచుకొని యుండును. అపరాహ్ణమున వేడి మితిమీరినపుడు తేమగాలి ఆ మూతను పగులగొట్టుకొని పైకెగసి, ఎనిమిది పది మైళ్ల ఎత్తు గల మేఘమగును. వానతో కూడ క్రిందికి దిగు చల్లనిగాలి నేలనంటి ముందునకు పరుగిడి, ఎదుటనున్న తేమగాలిని మరల పైకెత్తును. అందుచే పాతమేఘము ముందు క్రొత్తమేఘము పుట్టును. కాలవైశాఖి నడచుట యనగా ఇదియే.

దీని జాడను పట్టుట మాత్రము సులభము కాదు. ఏ ఊరివాడైనను గాలివానలో తన ఊరిపై పడిన భాగమునే చూడగలడు. మెరపు కనబడిన పిమ్మట ఉరుము వినబడువరకు క్షణములు లెక్కించి, మూడింటికొక కిలోమీటరు చొప్పున దూరము కట్టవచ్చును. ఆ దూరము తగ్గుచున్నదో పెరుగుచున్నదో చెప్పవచ్చును. కాని అది యెచట పుట్టినదో, ఎచటికి పోవునో ఒక్కని కంటికి కానరాదు. పది ఊళ్లలో పదిమంది గడియారము చూచి వ్రాసికొన్న కాగితములను ఒకచోట చేర్చి, పటముపై గుర్తులు పెట్టినప్పుడే దారి యేర్పడును. ఈ పద్ధతి మన ప్రాంతములలో మొదట పెద్ద తుఫానుల విషయమున అభ్యస్తమైనది. అభ్యసించినవాడు ప్రభుత్వ వాతావరణోద్యోగి కాడు. నాటికి అట్టి శాఖయే లేదు.

అతడు హెన్రీ పిడింగ్టన్. వర్తకపు ఓడలకు కప్తానుగా పనిచేసి, పిదప కలకత్తాలో స్థిరపడి, ఆర్థిక భూగర్భశాస్త్ర ప్రదర్శనశాలకు సంరక్షకుడైన ఆంగ్లేయుడు. 1838లో కర్నల్ విలియం రీడ్ తుఫానుల నియమములపై ప్రకటించిన గ్రంథము చదివి, బంగాళాఖాతపు తుఫానులను తానును శోధింప నిశ్చయించెను. 1839 నుండి ఓడల దినచర్య పుస్తకములను సేకరించి, ఏ ఓడ ఏ గంటకు ఎచట నున్నదో, గాలి ఏ దిక్కున వీచెనో పటముపై గుర్తించుచు, తుఫాను నడిమి బిందువును కనుగొని, బంగాళా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్యాసపరంపర ప్రకటించెను. అతడు తొలినాళ్లలోనే పరిశోధించినవానిలో 1839 నవంబరున గోదావరీముఖమున కోరంగి రేవును ముంచివేసిన తుఫాను ఒకటి. అట్లు తెలుగుదేశపు విపత్తొకటి ఈ శాస్త్రమునకు పునాదిరాళ్లలో చేరినది. 1848లో ప్రకటించిన నావికుల చేతిపుస్తకమున, సుడులు చుట్టు ఈ గాలులకు గ్రీకుపదము నుండి సైక్లోన్ అను పేరును అతడే కల్పించెను. నేడు ప్రపంచమెల్ల వాడుచున్న మాట అది.

అతని జీవితమున గుర్తుంచుకొనదగిన ఘట్టము మరియొకటి. మాతలా నది యొడ్డున క్రొత్త రేవు నిర్మింపవలెనని ప్రభుత్వము తలపెట్టగా, తుఫాను వేళ సముద్రము ఉప్పొంగి ఆ రేవును ముంచివేయగలదని 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ ప్రభువునకు బహిరంగలేఖ వ్రాసెను. ఆ హెచ్చరికను పాటించినవారు లేరు. 1858లో పిడింగ్టన్ మరణించెను. రేవు వెలసినది, పోర్టు క్యానింగని పేరు పొందినది. 1867 నవంబరు మొదటి తేదీ నాటి తుఫాను దానిని ధ్వంసము చేసినది. కొలది సంవత్సరములకే రేవు విడువబడినది.

అదే తుఫానునకు కలకత్తాలో వేరొక ప్రేక్షకుడుండెను. సెయింట్ జేవియర్ కళాశాలలో విజ్ఞానశాస్త్రము బోధించు ఫాదర్ యూజీన్ లఫాన్ ఆ కళాశాల మిద్దెపై స్వల్ప పరికరములతో చిన్న పరిశీలనశాల నొకదానిని ఏర్పరచుకొనెను. ఆ నవంబరున భారమితిలోని పాదరసము వేగముగా దిగుట చూచి, తుఫాను రానున్నదని ముందుగా హెచ్చరించెను. ఒకరి మాట వ్యర్థమైనది, మరియొకరిది ఫలించినది. విద్య ఇరువురకు సమానమే. వినువారి యందే భేదము.

ఇచట తుఫానునకును కాలవైశాఖికిని గల తేడా చెప్పవలెను. తుఫాను వచ్చునపుడు భారమితి గంటల తరబడి దిగుచు ముందే సూచన యిచ్చును. ఉరుముల గాలివాన అట్లు కాదు. దాని చల్లనిగాలి తాకిన క్షణమున భారమితి దిగుటకు మారు చటాలున పైకెగయును. ఉష్ణము పది డిగ్రీలకు మించి పడిపోవును. సూచన వచ్చులోపల గాలియే వచ్చియుండును. కావున కాలవైశాఖి విషయమున ఒకే పరికరము నమ్ముకొని కూర్చున్నవానికి లాభము లేదు. వాయవ్యమున నున్న పొరుగూరివాడు ఎన్ని గంటలకు చూచెనో తెలిసిన చాలును. అందుచే గడియారమే ముఖ్యసాధనమైనది.

ఆ గడియారము మాట వచ్చినపుడు విశాఖపట్టణము తలంపునకు రావలెను. నాడు ఒక్కొక్క పట్టణమునకు దాని సూర్యుని బట్టి ఒక్కొక్క కాలముండెడిది. విశాఖపట్టణపు గడియారమునకును కలకత్తా గడియారమునకును ఇరువది నిమిషముల భేదము. ఆ ఇరువది నిమిషములలో కాలవైశాఖి పదునారు పదునేడు కిలోమీటర్లు నడచును. కాకినాడ చేరువగా పోవు ఎనుబది రెండున్నర డిగ్రీల రేఖను బట్టి దేశమంతటికి ఒకే కాలము 1906లో గాని ఏర్పడలేదు. అంతకు పూర్వము నక్షత్రములను చూచి కాలమును సరిదిద్దుకొను వేధశాల యున్న ఊరిలోని పరిశీలనకే విలువ యెక్కువ. అట్టి వేధశాలను ఒక తెలుగు గృహస్థు తన సొంత ధనముతో విశాఖపట్టణమున నెలకొల్పెను.

ఆయన గోడే వెంకట జగ్గారావు గారు. 1817లో జన్మించిన ఈ జమీందారు చెన్నపట్టణమున కంపెనీవారి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడగు టి.జి. టేలరు నొద్ద శిక్షణ పొంది, 1840లో విశాఖపట్టణమున డాబా గార్డెన్సులోని తన నివాసమున వేధశాలను స్థాపించెను. 1856లో ఆయన స్వర్గస్థులు కాగా, అల్లుడగు అంకితము వెంకట నరసింగరావు గారు ఆ బాధ్యతను స్వీకరించిరి. ఆయన ఆరంగుళముల దూరదర్శినిని తెప్పించి, 1874 డిసెంబరు 9వ తేదీన సూర్యబింబముపై శుక్రుడు దాటుటను పరిశీలించిరి. లండను రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి ఫెలోగా ఎన్నికై, ఆ సంఘపు పత్రికలో తమ పరిశీలనలను ప్రకటించిరి.

నక్షత్రములను చూచువాడు మేఘమును లెక్కింపక తీరదు. ఆ వేధశాలలో ఖగోళముతో పాటు వాతావరణ పరిశీలనలును జరిగెడివి. వాని ఫలితములు గ్రంథరూపమున అచ్చయినవి. తూర్పుకనుమలలో వేసవి మధ్యాహ్నమున పుట్టి, సాయంకాలమో రాత్రియో విశాఖ తీరమున సముద్రముపైకి దిగు ఉరుముల వానలు అచ్చటివారికి పరిచితములే. 1876 అక్టోబరున విశాఖపట్టణమును తుఫాను తాకినపుడు, దానిని గూర్చియు, అదే మాసమున బాకర్‌గంజును ముంచిన తుఫానును గూర్చియు జాన్ ఎలియట్ ప్రత్యేక నివేదిక రచించెను. తీరపు పట్టణములలోని పరిశీలనలు లేనిదే అట్టి నివేదికలకు ఆధారములే యుండవు.

నరసింగరావు గారు 1892లో పరమపదించిరి. సొంత ముచ్చటతో ఒకరు నడపిన సంస్థ ఆ యొక్కరితో అంతరించుట లోకమున సామాన్యము. కాని ఆయన ధర్మపత్ని అచ్చయ్యమ్మ గారు వేధశాలను మూతపడనీయక, 1894లో మద్రాసు ప్రభుత్వమునకు అప్పగించి, పరిశీలనలు సాగునట్లు చేసిరి. దూరదర్శినిని చూచినవారి పేర్లతో పాటు, చూచుట ఆగిపోకుండ కాపాడిన ఆ యిల్లాలి పేరును చరిత్రలో నిలుపదగినది. నేడా వేధశాల లేదు. డాబా గార్డెన్సు అను పేటపేరు మాత్రము మిగిలినది.

ఈలోగా ప్రభుత్వమును మేల్కొన్నది. 1864 అక్టోబరున కలకత్తాను తాకిన ఘోరమైన తుఫాను, 1866లోను 1871లోను వానలు తప్పుట, వీని ఫలితముగా 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫర్డ్ దానికి మొదటి అధికారి. విడివిడిగా నున్న ప్రేక్షకుల లెక్కలు తంతివార్తల ద్వారా ఒకచోట చేరసాగినవి. అయినను కాలవైశాఖి మాత్రము చాలకాలము చిక్కకుండెను. దినమునకు ఒకటి రెండు మార్లు గీయు వాతావరణ పటమున, నాలుగు గంటలలో పుట్టి పెరిగి పోవు మేఘము రెండు పటముల నడుమ జారిపోవుచుండెను.

ఆ చిక్కును విడదీయుటలో పాలుగొన్నవారిలో తెలుగువాడొకడు కలడు. 1915లో నెల్లూరున జన్మించిన పంచేటి కోటేశ్వరము గారు వాతావరణ శాఖలో చేరి, 1958లో శ్రీనివాసన్ గారితో కలసి, గంగానది దిగువ వంగభూమి యందలి వేసవి గాలివానలపై పరిశోధనవ్యాసము ప్రకటించిరి. నేలచెంత గాలులు కూడుకొనుట యొక్కటియే చాలదనియు, మీదిపొరలలో గాలులు విడిపోవుటయు తోడైననే అవి విజృంభించుననియు అందు ప్రతిపాదించిరి. అనగా, జంషెడ్పూరున నిలిచి చూచువాని కంటికి అందని ఎత్తున గాలివాన భవితవ్యము నిర్ణయమగుచుండును. ఉష్ణమండలమున తూర్పు నుండి వీచు ఉన్నత వాయుప్రవాహమును గుర్తించిన కీర్తియు ఆయనదే. పిదప ఆయన శాఖకు డైరెక్టర్ జనరలై, 1975లో పద్మభూషణ బిరుదమును పొందిరి.

ఇప్పుడు రాడారు మేఘమును పది నిమిషముల కొకసారి చూపగలదు. పిడుగు పడు చోటును ముందుగా తెలుపుటకు దామిని అను సాధనము చేతిఫోనులోనికి వచ్చినది. అయినను 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినపుడు అచ్చటి రాడారే దెబ్బతిన్నది. ఝార్ఖండమున ఏటేట పొలములలోను, చెట్లక్రిందను పిడుగుపాటునకు బలియగువారు నేటికిని పెక్కురు. వారిలో అనేకులకు లోటైనది శాస్త్రము కాదు, సకాలమున చేరిన ఒక్క మాట. తెలుగునాట ఇప్పుడు ఎందరో యువకులు ఉద్యోగధర్మము కాకున్నను రాత్రులు మేల్కొని, రాడారు చిత్రములను చూచి, ఏ మండలమునకు వాన యే గంటకు చేరునో తోటివారికి తెలుపుచున్నారు. పిడింగ్టన్ ఓడల పుస్తకములతోను, జగ్గారావు గారు నక్షత్రములతోను చేసిన పనికి అది కొనసాగింపే.

వైశాఖపు సాయంకాలమున దల్మా కొండలపై మేఘము లేచినపుడు జంషెడ్పూరు వాసి గడియారము వంక చూచి, ఆ గంటను వ్రాసికొని, ఖరగపూరుననో బాలేశ్వరముననో ఉన్న బంధువునకు తెలిపిన చాలును. ఆ మేఘమునకు ముందుగా ఆ మాట తీరమునకు చేరును. తలుపులు బిగించుకొనుటకును, పడవను ఒడ్డునకు లాగుకొనుటకును ఆ మాత్రపు వ్యవధి చాలును.